ప్రొటీన్‌ని గుర్తుపట్టే పొర: అచ్చు తీయడం ఒక ఎత్తు, నిరూపించడం ఇంకో ఎత్తు

చెన్నైలో అద్దెకి ఇల్లు చూసేవాళ్ళు మొదట అడిగేది నీళ్ళ సంగతే. మెట్రో వాటర్ వస్తుందా, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా, ఆర్వో పెట్టించారా. అందుకే మెంబ్రేన్ అనే మాట ఇక్కడ కెమిస్ట్రీ గడప తొక్కనివాళ్ళకి కూడా తెలుసు. సర్వీసుకి వచ్చిన కుర్రాడు "మెంబ్రేన్ పోయింది సార్, మార్చాలి" అనగానే ఎంత వదులుతుందో మనసులో లెక్క మొదలవుతుంది. మీంజూరులో 2010లో మొదలైన సముద్రపు నీటి ప్లాంటు, నెమ్మేలిలో 2013లో వచ్చిన ఇంకోటి, ఒక్కోటి రోజుకి 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టినవి, రెండిటికీ ఆధారం ఈ పొరలే. తెలుగుగంగ కాలువలో కండలేరు నుంచి వచ్చే కృష్ణా నీళ్ళు తగ్గిన ఏడాది ఊరు మరీ వీటివైపు చూస్తుంది.

ఈ పొరలు నీటిని వదులుతాయి, మిగతావాటిని ఆపుతాయి. ఆగినవాటిలో ఎవరెవరున్నారన్నది వాటికి అనవసరం. డయాలసిస్ పొరదీ దాదాపు ఇదే బుద్ధి. గూడూరు, సూళ్ళూరుపేట వైపు నుంచి తెల్లవారుజామున రైలెక్కి వచ్చి, నాలుగేసి గంటలు మంచానికి అతుక్కుని, మళ్ళీ సాయంత్రం రైలుకి పరుగెత్తేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళ రక్తం వెళ్ళేది వెంట్రుకలకన్నా కాస్త లావుపాటి బోలు దారాల్లోంచి. ఒక్కో గొట్టంలో వేలకొద్దీ దారాలు, ఎక్కువగా పాలీసల్ఫోన్ అనే ప్లాస్టిక్ రకం పాలిమర్‌తో చేసినవి. యూరియా అణుభారం 60, అది హాయిగా దాటేస్తుంది. అల్బుమిన్ అనే ప్రొటీన్‌ది 66,500, అది రక్తంలోనే ఉండిపోతుంది, ఉండాలి కూడా. చిక్కంతా మధ్యలో ఉన్న బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్‌తో. అణుభారం 11,800 మాత్రమే. కిడ్నీలు పనిచేయనివాళ్ళ ఒంట్లో అది పేరుకుపోయి, ఏళ్ళు గడిచాక కీళ్ళలో గట్టిపడి బాధపెడుతుంది. అక్కడ పేరుకున్నది ఈ ప్రొటీనేనని 1985లో జపాన్ పరిశోధకులు తేల్చారు. దాన్ని బయటికి పంపాలని రంధ్రాలు మరీ పెద్దవి చేస్తే అల్బుమిన్ కూడా జారిపోతుంది, గంజి వారుస్తుంటే మెతుకులూ పోయినట్టు.

సైజు చూసి కాకుండా మనిషిని చూసి ఆపే పొర ఉంటే? ప్రొటీన్‌ని గుర్తుపట్టే పాలిమర్ పొరల మీద పనంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. గుర్తుపట్టే పని యాంటీబాడీలు ఎప్పటినుంచో చేస్తున్నాయి, బ్రహ్మాండంగా చేస్తున్నాయి కూడా. కానీ వాటిని చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి, మే నెల చెన్నైలో కరెంటు పోతే టెన్షన్, పైగా ధర. ప్లాస్టిక్‌కి ఆ తలనొప్పులు లేవు. ప్లాస్టిక్‌కి చూపు నేర్పడం ఎలా అన్నదే కథ.

దీనికి వాడే పద్ధతి పేరు మాలిక్యులర్ ఇంప్రింటింగ్, అంటే అణువుకి అచ్చు తీయడం. ఎగ్మోర్ మ్యూజియంలో నటరాజ విగ్రహాలు చూసినవాళ్ళకి సగం పని అప్పుడే అర్థమైపోయినట్టు. స్వామిమలై స్థపతులు ఇప్పటికీ గుగ్గిలం కలిపిన తేనెమైనంతో బొమ్మ చేసి, కావేరి వండ్రుమట్టి పొరలు పొరలుగా పూసి, ఎండబెట్టి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. బొమ్మ ఉన్నచోట బొమ్మ ఆకారంలో ఖాళీ మిగులుతుంది, అందులో పంచలోహం పోస్తారు. పాలిమర్ పనిలో మైనం బొమ్మ స్థానంలో ఉండేది ప్రొటీన్, మట్టి స్థానంలో మోనోమర్లు. ప్రొటీన్ కలిపిన నీళ్ళలో ఈ చిన్న అణువులు వేస్తే, ప్రొటీన్ మీద ఎక్కడ ప్లస్ ఛార్జి ఉందో అక్కడికి మైనస్ ఉన్నవి చేరతాయి, హైడ్రోజన్ బంధం, అంటే అణువుల మధ్య ఉండే ఒక బలహీనమైన పట్టు, కుదిరేచోట అలాంటివి చేరతాయి. అప్పుడు వాటన్నిటినీ గొలుసులుగా కలిపి బిగిస్తారు. తర్వాత ప్రొటీన్‌ని కడిగేస్తారు. అక్కడితో ఆపేయాలి, లోహం పోయనక్కర్లేదు, ఎందుకంటే ఇక్కడ కావలసిందే ఆ ఖాళీ. మళ్ళీ అదే ప్రొటీన్ అటుగా వస్తే ఆకారం సరిపోతుంది, లోపలి కొక్కేలు కూడా సరిగ్గా దాని చేతికే అందుతాయి.

ఆలోచన కొత్తదేం కాదు. 1949లో అమెరికాలో ఫ్రాంక్ డిక్కీ మిథైల్ ఆరెంజ్, దాని బంధువుల్లాంటి రంగులు కలిపి సిలికా జెల్ తయారు చేసి, రంగు కడిగేశాక ఏ రంగుతో చేసిన జెల్ ఆ రంగునే ఎక్కువగా పట్టుకుంటోందని చూపించాడు. 1972లో జర్మనీలో గుంటర్ వుల్ఫ్ దీన్ని పాలిమర్లలోకి తెచ్చాడు. స్వీడన్‌లో క్లాస్ మోస్బాక్ బృందం 1993లో థియోఫిలిన్, డయాజెపామ్ మందులకి అచ్చు తీసిన పాలిమర్లని యాంటీబాడీల బదులు వాడి రక్తంలో వాటి మోతాదు కొలిచింది. అప్పటినుంచి ఈ రంగంలో ఉత్సాహం మామూలుగా లేదు. అయితే వీటన్నిటిలో అచ్చుకి వాడినవి చిట్టి అణువులు. థియోఫిలిన్ భారం 180. అల్బుమిన్ దానికి దాదాపు 370 రెట్లు. దోమకి వల అల్లినవాడు ఏనుగుకి అదే వల వేస్తానంటే ఏమవుతుందో ప్రొటీన్ల దగ్గర అదే జరిగింది.

మొదటి చిక్కు, పెద్ద ప్రొటీన్ అచ్చులో ఇరుక్కుపోతుంది. చిన్న అణువులకి అచ్చు తీసేటప్పుడు గొలుసుల మధ్య అడ్డబంధాలు బాగా ఎక్కువ వేసి రాయిలా బిగిస్తారు, అప్పుడే ఆకారం నిలుస్తుంది. ప్రొటీన్‌కి అలా చేస్తే లోపల సమాధి అయిపోయి, ఎంత కడిగినా బయటికి రాదు. పోనీ వదులుగా, జెల్లీలా ఉంచుదామా అంటే, ప్రొటీన్ వెళ్ళిపోగానే ఖాళీ మూసుకుపోతుంది, నీళ్ళు తాగి ఉబ్బి వంకరపోతుంది. బిగువు, వదులు మధ్య ఆ సన్నటి గీత ఎక్కడుందో వెతకడంలోనే ఎన్నో థీసిస్‌లు పుట్టాయి.

రెండోది నీళ్ళు. చిన్న అణువుల అచ్చులు క్లోరోఫామ్ లాంటి ద్రావకాల్లో బాగా కుదిరాయి, ఎందుకంటే హైడ్రోజన్ బంధాలకి అక్కడ పోటీ లేదు. ప్రొటీన్‌ని క్లోరోఫామ్‌లో వేస్తే ఉడికిన గుడ్డులా తన మడతలన్నీ విప్పుకుంటుంది. విరిగిపోయిన బొమ్మకి అచ్చు తీసి ఏం లాభం? కాబట్టి నీళ్ళే గతి. నీళ్ళలో ప్రతి నీటి అణువూ హైడ్రోజన్ బంధానికి పోటీ వస్తుంది, మోనోమర్ ఒక్కొక్కటీ ప్రొటీన్‌ని గట్టిగా పట్టుకోలేదు.

మూడోది, ప్రొటీన్ నిలకడగా ఉండే బొమ్మ కాదు. ప్రొటీన్ ఆకారం గురించి మద్రాసుకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కొలాజెన్‌లో మూడు గొలుసులు జడలా పెనవేసుకుని ఉంటాయని జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో ప్రతిపాదించింది మద్రాసు యూనివర్సిటీ నుంచే, ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో మడవడం కుదురుతుందో చూపించే రామచంద్రన్ పటం 1963లో వచ్చింది. ఆ కోణాల్లోనే కదలడానికి ఇంకా బోలెడు చోటుంటుంది, గొలుసు ఊపిరి తీస్తున్నట్టు కదులుతూనే ఉంటుంది. మోనోమర్లు, వేడి, వాటిని గొలుసులుగా కలపడానికి పుట్టించే ఫ్రీ రాడికల్స్ అనే దూకుడు అణువుల మధ్య అది ఇంకాస్త చెదురుతుంది. ఫోటో తీస్తుంటే తల తిప్పే పిల్లవాడి లెక్క.

ఈ చిక్కుల్ని దాటడానికి వచ్చిన ఉపాయాల్లో అందరికీ నచ్చేది, ప్రొటీన్‌ని మొత్తం ముంచకుండా పైపైన సగం మాత్రమే అద్దడం. 1999లో సియాటిల్‌లో బడ్డీ రాట్నర్ బృందం అభ్రకం పలక మీద ప్రొటీన్‌ని పరిచి, పైన ఒక చక్కెర పూత వేసి, ఆ మీద ప్లాస్మాతో (రక్తంలోది కాదు, విద్యుత్తుతో రగిల్చిన వాయువు) ఫ్లోరిన్ పాలిమర్ పేర్చి, గాజుకి అంటించి, అభ్రకాన్ని ఊడదీసి, ప్రొటీన్‌ని కరిగించేసింది. చక్కెర పూతలో మిగిలిన గుంటలు ప్రొటీన్‌ని గుర్తుపట్టాయి. చూడ్డానికి అద్భుతం, కానీ చదరపు మీటర్ల కొద్దీ పొర కావాలంటే ఈ దారిలో వెళ్ళేవాడు ముసలివాడైపోతాడు. ఇంకో ఉపాయం మనిషి మొత్తానికి బదులు వేలిముద్ర తీసుకోవడం: ప్రొటీన్ చివర ఉండే తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్కని విడిగా తయారుచేసి దానికే అచ్చు తీస్తారు. 2006లో కెన్నెత్ షే బృందం ఇలా చేసిన పొరలు ఆ చివర ఉన్న అసలు ప్రొటీన్‌ని పట్టుకున్నాయి. ముక్క చిన్నది కాబట్టి ఇరుక్కోదు, చెదరదు, పూర్తి ప్రొటీన్ కొనే ఖర్చూ తప్పుతుంది. కాకపోతే ఆ చివర ప్రొటీన్ ఉపరితలం మీద బయటికి కనబడుతూ ఉండాలి. చక్కెరలు తగిలించుకున్న ప్రొటీన్లకి బోరోనిక్ ఆసిడ్ అనే కొక్కెం ఉంది, కాస్త క్షారంగా ఉన్న నీటిలో పట్టుకుని ఆమ్లం తగిలితే వదిలేస్తుంది. డోపమిన్‌ని క్షార ద్రావణంలో వదిలేస్తే దానంతటదే నల్లటి పూతగా ఏ ఉపరితలానికైనా అంటుకుంటుంది. సముద్రపు ఆల్చిప్పలు రాళ్ళని పట్టుకునే తీరు చూసి 2007లో కనిపెట్టిన ఈ పూత పల్చటి అచ్చులకి చక్కగా పనికొస్తుంది.

ఇక అసలు పొర తయారీకి వద్దాం, ఎందుకంటే చెన్నైకి దీంట్లో ఒక సొంత గొడవ ఉంది. పాలీసల్ఫోన్ పలుకుల్ని ఎన్‌ఎంపీ లాంటి ద్రావకంలో రాత్రంతా తిప్పుతూ కరిగిస్తే తీగపాకం లాంటి చిక్కటి ద్రవం వస్తుంది. దాన్ని గాజు పలక మీద ఒక చివర పోసి, పలకకీ అంచుకీ మధ్య 0.2 మిల్లీమీటర్ల సందు ఉండేలా బిగించిన బ్లేడుతో ఒకే వేగంతో లాగుతారు. చెయ్యి వణికితే గీత పడుతుంది. వెంటనే పలకని నీళ్ళ తొట్టెలోకి జారుస్తారు. అంతదాకా గాజులా కనబడకుండా ఉన్న పొర చూస్తుండగానే పాలు విరిగినట్టు తెల్లబడుతుంది, కాసేపటికి అంచు నుంచి ఊడి దోసెలా పైకి తేలుతుంది. ద్రావకం నీళ్ళలోకి, నీళ్ళు పొరలోకి పోవడంతో పాలిమర్ అక్కడికక్కడ గడ్డకట్టి, పైన సన్నటి చర్మం, కింద వేళ్ళలాంటి ఖాళీలు ఏర్పడతాయి. ఈ పద్ధతికి బాటవేసిన ఇద్దరిలో ఒకరు భారతదేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్. కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్‌తో కలిసి సముద్రపు నీటి కోసం చేసిన పని అది.

గొడవ ఏంటంటే, ఎన్‌ఎంపీకి నీళ్ళంటే ప్రాణం. కార్తీక మాసపు ముసురులో, గాలి తడిగుడ్డలా ఉన్నప్పుడు, పలకని తొట్టె దాకా తీసుకెళ్ళడంలో కాస్త ఆలస్యమైనా గాలిలోని తేమకే పొర మసకబారుతుంది. అప్పుడు పైన రావలసిన చర్మం రాదు, రంధ్రాలు వేరే రకంగా వస్తాయి. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి ఇక్కడి ల్యాబుల్లో చేరిన పిల్లలు ఎండాకాలం చేసిన పొరకీ ఐప్పసి (తమిళుల వానల నెల) వానల్లో చేసిన పొరకీ పోలిక లేదని మొత్తుకుంటే అది వాళ్ళ చేతకానితనం కాదు, ఎవరో రాసిన "గది ఉష్ణోగ్రత దగ్గర" అన్న ఒక్క మాటలో తేమ సంగతి లేకపోవడం.

చిన్న అణువులైతే అచ్చు కూడా ఈ పాకంలోనే కలిపేసి ఒకే దెబ్బకి పొర లాగేయొచ్చు. జపాన్‌లో 1990లలోనే థియోఫిలిన్‌తో చేశారు. ప్రొటీన్‌ని ఎన్‌ఎంపీలో వేసే పని లేదు కాబట్టి ముందు పొర చేసుకుని, తర్వాత దాని రంధ్రాల గోడలకి నీళ్ళలో పల్చటి అచ్చుపూత ఎక్కిస్తారు. ఆ పూత మందం దగ్గర మొహమాటం పనికిరాదు. సన్నటి గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 200 నానోమీటర్ల రంధ్రానికి చుట్టూ 50 నానోమీటర్ల పూత వేస్తే దారి సగమైంది కదా అనుకుంటాం, కారే నీళ్ళు మాత్రం పదహారో వంతుకి పడిపోతాయి. అచ్చులు ఎక్కువ కావాలని పూత దట్టంగా వేసినవాడికి చివరికి మిగిలేది మూసుకుపోయిన పొర.

పొర విషయంలో చాలామంది తేల్చుకోకుండా వదిలేసే ప్రశ్న ఇంకోటి: గుర్తుపట్టాక ఏం చేయాలి? గుర్తుపట్టిన ప్రొటీన్‌ని పట్టుకుని ఆపాలా, లేక దాన్నే ముందుగా అవతలికి దాటించాలా? రెండూ కుదురుతాయని చూపించినవాళ్ళున్నారు. ఆపే పొర నిజానికి స్పాంజి లాంటిది, అచ్చులు నిండాక దాని పని అయిపోయింది, కడిగి మళ్ళీ వాడాలి. దాటించే పొరలో ప్రొటీన్ ఒక అచ్చు నుంచి పక్క అచ్చుకి గెంతుకుంటూ పోవాలి, అంటే పట్టు మరీ గట్టిగా ఉండకూడదు. గట్టిగా పట్టుకుంటే వదలదు, వదులుగా పట్టుకుంటే ఎంచుకోలేదు. పెద్ద ప్రొటీన్లకి ఆపే రకమే ఇప్పటికి నమ్మదగింది, దాటించే రకం వినడానికి బాగుంటుంది.

ఇప్పుడు అసలు మెలిక. పొర గుర్తుపట్టింది అని ఎలా తెలుస్తుంది? మామూలుగా చేసేదేమిటంటే, అచ్చు తీసిన పొర ఎంత ప్రొటీన్ పట్టింది, ప్రొటీన్ కలపకుండా అదే వంటకంతో చేసిన పొర ఎంత పట్టింది అని కొలిచి, రెండింటి నిష్పత్తి చెప్పడం. నాలుగు వచ్చింది, ఆరు వచ్చింది అని సంబరం. కానీ ప్రొటీన్ కలిపి, తర్వాత కడిగేసిన పొర ఎలాగూ కాస్త గరుకుగా, గుల్లగా ఉంటుంది. ఎక్కువ ఉపరితలం ఉన్నది ఎక్కువ పట్టడంలో గుర్తుపట్టే తెలివేముంది? నిజాయితీ గల పోలిక కావాలంటే అదే సైజు ఇంకో ప్రొటీన్‌తో అచ్చు తీసి, ఇద్దరినీ ఇద్దరి పొరల మీదా అటూ ఇటూ మార్చి పరీక్షించాలి.

ఇక్కడ లైసోజైమ్ గురించి చెప్పకపోతే పాపం. కోడిగుడ్డు తెల్లసొనలోంచి తీస్తారు, చవక, ఎక్కడైనా దొరుకుతుంది, అందుకే ప్రొటీన్ అచ్చుల మీద వచ్చే పేపర్లలో ఎటు చూసినా అదే. దాని ఛార్జి మామూలు నీటిలో గట్టి ప్లస్. అల్బుమిన్‌ది మైనస్. పూతలో మెథాక్రిలిక్ ఆసిడ్ అనే మోనోమర్ ఉంటే పొర తనే మైనస్ అవుతుంది. అలాంటి పొర లైసోజైమ్‌ని పట్టి అల్బుమిన్‌ని వదిలేసింది అంటే, అచ్చు సంగతి అటుంచి, అయస్కాంతం ఇనుప మేకులని పట్టి చెక్కపొట్టుని వదిలేసినట్టే. పోటీగా సైటోక్రోమ్ సీ పెట్టి చూపించాలి. దాని భారం సుమారు 12,400, లైసోజైమ్‌ది 14,300, ఇద్దరిదీ ప్లస్ ఛార్జే. ఆ ఇద్దరిలో ఒకరిని ఎంచుకుంటేనే చూపు ఉన్నట్టు.

కడగడంలో కూడా మోసం దాగుంది. ప్రొటీన్‌ని బయటికి లాగడానికి సాధారణంగా వాడేది సబ్బులాంటి ఎస్‌డీఎస్, అసిటిక్ ఆసిడ్ కలిపిన నీళ్ళు. ఆ ఎస్‌డీఎస్ మైనస్ ఛార్జి ఉన్న సబ్బు, పాలిమర్‌లో కొంత మిగిలిపోతే తర్వాత వచ్చే ప్రొటీన్‌ని అదే పట్టుకుంటుంది, పేరు మాత్రం అచ్చుకి పోతుంది. ఇంకోవైపు, లోపల ఇరుక్కున్న పాత ప్రొటీన్ పరీక్ష మధ్యలో మెల్లగా కారుతుంటే 280 నానోమీటర్ల కాంతితో ప్రొటీన్ మోతాదు కొలిచే యంత్రానికి కొత్తదేదో పాతదేదో తెలియదు. హిమోగ్లోబిన్‌తో చేసే ప్రయోగాలు కాస్త మనశ్శాంతినిచ్చేది ఇందుకే. ఎర్రగా కంటికి కనబడుతుంది. హిమోగ్లోబిన్‌కి అచ్చు తీసిన పొరని బాగా కడిగినా లేత టీ మరకలా ఏదో మిగిలిందంటే ఆ పొర ఇంకా ఖాళీ కాలేదన్నమాట, ఏ గ్రాఫూ అక్కర్లేదు.

వీటన్నిటిలో నెగ్గినా చివరి పరీక్ష రక్తమే. గుండెపోటుని పట్టిచ్చే ట్రోపోనిన్‌ని తీసుకుంటే, ట్రోపోనిన్-టీ రక్తంలో లీటరుకి 14 నానోగ్రాములు దాటితేనే డాక్టర్లు అనుమానంగా చూస్తారు. పక్కనే అల్బుమిన్ లీటరుకి 40 గ్రాములుంటుంది. బరువులో తేడా దాదాపు 300 కోట్ల రెట్లు. బఫర్ నీళ్ళలో రెండు ప్రొటీన్లు సమానంగా కలిపి చూస్తే ఒకదాన్ని రెండోదాని కంటే మూడు రెట్లు ఎక్కువ పట్టిందన్న పొరని ఆ గుంపులోకి తోస్తే, కొద్దిపాటి అంటుకునే గుణం ఉన్నా అల్బుమిన్ అంతటినీ కప్పేస్తుంది.

అలాగని ఇదంతా కాగితాల మీద పులి అనడం కూడా తప్పే. 2010లో యు హొషినో, కెన్నెత్ షే బృందం తేనెటీగ విషంలోని మెలిటిన్‌కి అచ్చు తీసిన నానో రేణువుల్ని, విషం ఎక్కించిన ఎలుకల రక్తంలోకి పంపి, విషాన్ని పట్టి చావుల్ని తగ్గించింది. మెలిటిన్ 26 అమైనో ఆమ్లాల చిన్న ముక్క, అదీ ఇక్కడి కిటుకు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో సెర్గీ పిలెట్‌స్కీ బృందం ఇంకోవైపు నుంచి వచ్చింది: ప్రొటీన్‌ని గాజుపూసలకి అంటించి, దాని చుట్టూ రేణువుల్ని పెంచి, బలహీనంగా పట్టుకున్నవాటిని చల్లగా కడిగేసి, గట్టివాటిని వేడి నీళ్ళతో విడదీసుకుంటుంది. ప్రొటీన్ గాజు మీదే ఉండిపోతుంది కాబట్టి రేణువులో ఇరుక్కునే భయం లేదు, మళ్ళీ వాడుకోవచ్చు.

మళ్ళీ వాడుకోవడం చిన్న విషయం కాదు. అచ్చు తీయాలంటే ముందు అసలు ప్రొటీన్ శుద్ధంగా చేతిలో ఉండాలి, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ కోడిగుడ్డులో దొరకదు. డయాలసిస్ లెక్క వేస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఒంట్లో అది రోజుకి సుమారు 150 మిల్లీగ్రాములు తయారవుతుంది, వారానికి వెయ్యికి పైనే, మూడుసార్లు డయాలసిస్ అయితే ఒక్కోసారి 350 మిల్లీగ్రాములు తీయాలి. గ్రాము పాలిమర్ 10 మిల్లీగ్రాములు పట్టిందని ఉదారంగా అనుకున్నా, ప్రతి గొట్టంలో 35 గ్రాముల అచ్చుపూత ఉండాలి, అంత పూతకీ అచ్చుగా ముందు వందల మిల్లీగ్రాముల శుద్ధ ప్రొటీన్ కావాలి, ఆ తర్వాత స్టెరిలైజ్ చేసే వేడికి గుంటలు చెడకూడదు, ఒక్క మోనోమర్ కూడా రక్తంలోకి కారకూడదు. అదే రక్తపరీక్ష పరికరంలో ఒక ఎలక్ట్రోడ్ మీద గోరంత పూతకైతే కొన్ని మైక్రోగ్రాముల ప్రొటీన్ చాలు, పట్టాల్సింది నానోగ్రాములే, పని అయ్యాక పారేయొచ్చు. గూడూరు రైలెక్కి వచ్చే పేషెంటు కంటే ముందు రక్తపరీక్ష చేసే ల్యాబ్ దగ్గరికే ఈ పొరలు చేరేలా ఉన్నాయి.